ఉప్పలయ్య తుమ్మని పొద్దు

రేగులగూడెంలో కోళ్ళు కూయడం మానేసి చాలా కాలమైంది. వాటి పని ఉప్పలయ్య ముక్కు చేసి పెట్టేది. పొద్దు పొడవక ముందే కురుమోళ్ళ వాడలోంచి మొదటి తుమ్ము లేచేది. దానికి ఇళ్ళ మీది పెంకులు కదిలేవి, బర్రెలు గుంజలు పీక్కునేవి, పాలు తాగే పసిపిల్లలు రొమ్ము వదిలి ఇదేమిటన్నట్టు చూసేవాళ్ళు. ఒకసారి మానుకోట స్టేషన్లో ఆగిన రైలు గార్డు ఈల అనుకుని కదిలిపోయిందని కూడా చెప్పుకునేవాళ్ళు. మానుకోట అక్కడికి రెండామడల దూరం. అయినా రైలు కదిలిన మాట నిజమేనట. ఎందుకు కదిలిందో ఎవరూ వెళ్ళి అడగలేదు.

అలాంటి ముక్కుతో పుట్టిన మనిషికి దేవుడిచ్చిన పని ఏమిటయ్యా అంటే గొర్రెల బొచ్చు కత్తిరించడం, ఆ బొచ్చు ఏకడం, గొంగళ్ళు నేయడం. కురుమ ఇంట పుట్టాక ఇంకేం చేస్తాడు? ఏకుతుంటే లేచిన నూగంతా ముక్కులోకే పోయేది. ముక్కు కారేది, కళ్ళు మిరపపండ్లయ్యేవి, మాట ముక్కులోంచి గునుస్తూ వచ్చేది. పక్కన కూర్చుని నూలు వడికే భార్య కట్టమ్మ, "నీ ముక్కు కాడ మడి కడితే ఏడాదికి రెండు పంటలు తీయొచ్చు" అనేది.

మనిషి మాత్రం తాటిచెట్టంత ఉండేవాడు. మాటలు అంతకన్నా పొడుగు. కొత్తగూడ అడవిలో పులిని కట్టెతో తరిమిన కథ ఒకటి ఉండేది ఆయనకి. ఆ పులి చెప్పిన ప్రతిసారీ ఒక మూర పెరిగేది. విన్నవాళ్ళు నమ్మేవాళ్ళు. నమ్మక చేసేదేమీ లేదు, పులి వచ్చి సాక్ష్యం చెప్పదు కదా. అసలు సంగతి తెలిసింది కట్టమ్మకు ఒక్కదానికే. ఆమె ఎన్నడూ నోరు విప్పలేదు.

ఎక్కడికైనా బయల్దేరేటప్పుడు తుమ్ము వినిపిస్తే ఆగి, కూర్చుని, గుక్కెడు నీళ్ళు తాగి లేవడం అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. కాని అన్ని ఊళ్ళలో ఉప్పలయ్య లేడు. రేగులగూడెం వాళ్ళు తాగినన్ని నీళ్ళు ఏ ఊరి చెరువూ తాగి ఉండదు. చివరికి ఓదెమ్మ అనే పెద్దామె ఈ తుమ్ములకు తీర్పరి అయింది. ఒంటి తుమ్మయితే ఆగాలి, జంట తుమ్మయితే పోవచ్చు, అసలు తుమ్మే లేకపోతే ఇక అడ్డే లేదు. ఆమె వేలు పైకెత్తితే పెళ్ళివారు కూడా బండి దిగి నిలబడేవాళ్ళు. వేలు దించాకే ఎద్దులు కదిలేవి. ఎటొచ్చీ ఉప్పలయ్య తుమ్మని పొద్దు ఒక్కటీ లేదు కాబట్టి, ఆ మూడో తీర్పు ఇచ్చే అవకాశం ఆమెకు ఎన్నడూ రాలేదు.

అది రజాకార్ల కాలం. నైజాం సర్కారు లెవీ పేరు చెప్పి రైతు పండించిన గింజలు ఊడ్చుకుపోయేది. అడిగినవాళ్ళ ఇళ్ళకు నిప్పు పెట్టేది. ఊళ్ళో సంఘం పుట్టింది. జనగామ దాకా నడిచి వెళ్ళి మీటింగులు విని వచ్చిన భద్రయ్య దానికి పెద్ద. "శకునాలు, తుమ్ములు అన్నీ దొరలు మన కాళ్ళకేసిన బంధాలే" అని అరుగెక్కి చెప్పేవాడు. చెప్పినవాడే, సంఘం పని మీద బయల్దేరినప్పుడల్లా సరిగ్గా ఉప్పలయ్య గుడిసె ముందర ఆగి, చెప్పుల్లో ఇసుక దులుపుకునేవాడు. ఆ చెప్పుల్లో ఎంత ఇసుక ఉండేదో, తుమ్ముల లెక్క తేలేదాకా రాలుతూనే ఉండేది.

ఆ ఏడు కోతలయ్యాక ఊరి గింజలన్నీ పాతరలో దాచారు. లెవీ వాళ్ళు వస్తున్నారని కబురు రాగానే వాటిని బండ్ల మీద అడవి వైపు చేర్చాలని సంఘం అనుకుంది. చిక్కల్లా బండి జాడ. దాన్ని పట్టుకుని ఎవడైనా వెనకే వచ్చేస్తాడు. భద్రయ్య ఉప్పలయ్య దగ్గరికి వచ్చాడు.

"ఉప్పలన్నా, రేపు పొద్దుగాల నువ్వు మందను బండ్ల ఎన్కమటే తోలాలె. గొర్రెల డెక్కలకు చక్రాల గీతలు మాసిపోవాలె. ఎవడు చూసినా మంద పోయిందనుకోవాలె."

"గింతేనా? నేనింకేందో అనుకున్న. పులిని తోలినోనికి గొర్రెలను తోలుడు ఒక పనా?"

"దారిల పోలీసోళ్ళు ఎదురైతె?"

"వాళ్ళను గూడ మందల గలుపుకొని తోల్కొస్త. బొచ్చు తీసి గొంగడి నేస్త."

భద్రయ్య పగలబడి నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఆయన వాడ మలుపు తిరగగానే ఉప్పలయ్య మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు. పోలీసోడి టోపీ కనిపిస్తే చేను చుట్టూ తిరిగి ఇంటికి వచ్చే మనిషి ఆయన. కట్టమ్మ అంబలి తెచ్చి పెడితే పక్కకు నెట్టాడు.

కాసేపటికి ముక్కులో ఏదో జరిగింది. ఎన్నాళ్ళుగానో మూసుకున్న తలుపు తెరిచినట్టు గాలి సరాసరి లోపలికి పోయింది. గొంగడికి పెట్టిన చింతగింజల గంజి వాసన తెలిసింది. కట్టమ్మ తలలోని ఆముదం వాసన తెలిసింది. పక్కింట్లో ఏం కూర వండుతున్నారో, అందులో ఉప్పు తక్కువైందో ఎక్కువైందో కూడా తెలిసింది.

ఇందులో మాయ ఏమీ లేదు. మనిషి ఒంట్లో నరాలు ఒకే కాడికి కట్టిన రెండెద్దుల్లా ఉంటాయి. ఒక ఎద్దు ఆపద కోసం. అది గుంజితే గుండె దడదడలాడుతుంది, నోరెండుతుంది, ముక్కు లోపలి వాపు తీసి దారి తెరుచుకుంటుంది, కాళ్ళకు పరుగొస్తుంది. రెండోది తీరిక కోసం. అది గుంజితే తిన్నది అరుగుతుంది, నోరూరుతుంది, ముక్కు కారుతుంది. నూగు, దుమ్ము గిట్టని ముక్కున్న వాళ్ళకు చాలామందికి ఈ రెండో ఎద్దు మదించి కాడిని తన దిక్కే లాగుతుంటుంది. ఉప్పలయ్య ఒంట్లోదైతే జిల్లాలోని మేతంతా మేసినట్టు బలిసింది. ఆ సాయంత్రం మొదటి ఎద్దు లేచి నిలబడి ఒక్క గుంజు గుంజింది.

ఈ ఎద్దుల సంగతి కట్టమ్మకు తెలియదు. కాని మొగుడి ముక్కు తెలుసు.

"ముక్కు ఇడిసింది. భయమైతాంది గదా నీకు?"

"భయమా? నాకా?"

"పోనని చెప్పరాదు. భద్రయ్య ఏమన్న మింగుతడా?"

"చెప్పి మొఖం యాడ పెట్టుకోవాలె? పులిని తరిమిన ఉప్పలయ్య పోలీసోళ్ళకు జడిసిండని ఊరంత నవ్వరాదు? నువ్వు గిట్ల ఎవ్వలకన్న చెప్పినవనుకో, నా మీద ఒట్టు."

తెల్లారింది. బండ్లు కట్టి ఉన్నాయి. ముందు బండి మీద ఓదెమ్మ కొడుకు బిక్షపతి. ఆమెకు ఉన్నది ఆ ఒక్క కొడుకే. ఉప్పలయ్య మందతో తన గుడిసె ముందర నిలబడ్డాడు. గొర్రెలు కదిలితే లేచిన దుమ్ము, బొచ్చు అంతా ఆయన మొహం మీదే. ఓదెమ్మ వేలు పైకెత్తి పట్టుకుంది. భద్రయ్య ఒక చెప్పు దులిపాడు, రెండో చెప్పు దులిపాడు, దులపడానికి మూడో కాలు లేక ఊరుకున్నాడు.

తుమ్ము రాలేదు.

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "బంగారమసొంటి శకునం" అన్నారెవరో. మామూలుగా ఇలాంటి పనులప్పుడు ఓదెమ్మ ఒక మేకను తోలుకుని ముందుగా గుట్ట ఎక్కి, అవతలి వాగు దిక్కు చూసి వచ్చి, దారి బాగుందంటేనే బండ్లు కదిలేవి. ఆ పొద్దు భద్రయ్యే అన్నాడు: "అవ్వా, ఇయ్యాల గుట్టెందుకు? ఉప్పలన్న ముక్కే ఊకున్నది. ఎండెక్కక ముందే వాగు దాటాలె."

శకునాలు నమ్మని మనిషి నోట ఆ మాట వచ్చేసరికి ఓదెమ్మ కూడా వేలు దించేసింది. ఉప్పలయ్యకు గొంతు దాకా వచ్చింది, 'ఆగుండ్రి, ఇది శకునం కాదు, నాకు భయమైతాంది' అని చెబుదామని. మీసం మీద చెయ్యి వేసి మింగేశాడు.

వాగు ఒడ్డున తుమ్మచెట్ల మాటున రజాకార్లు, పోలీసులు కాచుకుని ఉన్నారు. బండ్లు నీళ్ళలో దిగగానే మీద పడ్డారు. బిక్షపతి ఎద్దుల పగ్గాలు వదలకుండా గుంజుతూ వాళ్ళ చేతికి చిక్కాడు. గింజలు పోయాయి. మిగతా వాళ్ళు తలా ఒక దిక్కు ఉరికారు. ఉప్పలయ్య ఉరికిన ఉరుకుడుకు గొర్రెలు వెనకబడి, తమ కాపరి ఎటు పోయాడని అరుచుకుంటూ సాయంత్రానికి ఇల్లు చేరాయట.

బిక్షపతిని మానుకోట ఠాణాకు తీసుకుపోయారని తెలిసింది. ఓదెమ్మ పొయ్యి ముట్టించలేదు. దెబ్బలకు బిక్షపతి ఎవరి పేరు చెబుతాడో, పోలీసులు ఏ ఇంటి మీద పడతారో అని ఉప్పలయ్య కాసేపు మంచం మీద, కాసేపు మంచం కింద గడిపాడు. ఆ భయానికి ముక్కు బిగదీసుకునే ఉంది. మర్నాడు తెల్లవారి తుమ్ము లేదు. ఆ పై పొద్దునా లేదు.

అప్పుడు మొదలైంది గుసగుస.

"దినాం తుమ్మెటోడు బండ్లు కదిలిన్నాడే ఎందుకు తుమ్మలె?"

"ఇప్పటికీ తుమ్ముత లేడు. సర్కారు దవాఖాన మందు ముట్టింది."

"మందు ఉత్తగనే ఇస్తరా? బండ్ల సంగతి చెప్తే ఇచ్చిండ్రు."

మాట ఒక ఇంటి చూరు దాటి ఇంకో ఇంటికి పోయేసరికి సీసా అయింది, ఇంకో ఇంటికి పోయేసరికి ఆ సీసా ఏ రంగులో ఉందో కూడా తెలిసిపోయింది. భద్రయ్య మొదట ఒప్పుకోలేదు. కాని గుట్ట ఎక్కనివ్వకుండా ఆపింది తానేనన్న సంగతి ఆయనను లోపల తొలుస్తోంది. దాన్ని ఇంకొకడి నెత్తిన దించే దారి కనబడగానే ఆయన కూడా ఆ సీసాను నమ్మాడు.

మధ్యాహ్నం మంద దొడ్డి దగ్గర ఊరు కూడింది. ఉప్పలయ్యను నడుమ కూర్చోబెట్టారు. తప్పు చేశాడని తేలితే అడవిలో తుపాకులు పట్టిన సంఘం దళానికి అప్పజెప్పాలన్నారు. అలా అప్పజెప్పిన వాళ్ళెవరూ తిరిగొచ్చి కబుర్లు చెప్పిన దాఖలా లేదు. ఆ సంగతి ఉప్పలయ్యకూ తెలుసు.

"మందు తినకపోతె తుమ్మి చూపియ్యి" అన్నాడు భద్రయ్య.

గంపెడు బొచ్చు తెచ్చి ఉప్పలయ్య మొహం ముందు ఏకారు. అంత నూగు లేచింది, దొడ్డిలోని గొర్రెలు తుమ్మాయి, చూసేవాళ్ళు తుమ్మారు, ఏకే వాడు ఏకడం ఆపి తుమ్మాడు. ఉప్పలయ్య ఒక్కడే రాతి బొమ్మలా కూర్చున్నాడు. తుమ్ము రావాలని ముక్కు ముడిచాడు, నోరు తెరిచాడు, సూర్యుడి వంక చూశాడు. ఎంత తంటాలు పడితే అంత భయం, ఎంత భయమైతే ముక్కు అంత పొడి.

"ఇంకేం సాక్ష్యం గావాలె?" అని జనంలోంచి కేక.

ఓదెమ్మ లేచి వచ్చింది. ఏడుపు లేదు ఆమె మొహంలో. ఏడిస్తేనే నయం అనిపించేలా ఉంది. "నా కొడుకును ఎంతకమ్మినవ్ రా?" అంది.

అప్పుడు కట్టమ్మ మందిని తోసుకుంటూ నడుమకు వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"ఏయ్, ఇనుండ్రి. గీ మనిషి ఎవ్వల్నీ అమ్మలే. గీనె పిరికోడు! భయమైతె గీన ముక్కు ఎండిపోతది. గంతే సంగతి."

"కట్టీ! నోరు ముయ్యి!" అని అరిచాడు ఉప్పలయ్య. ఆ అరుపులో ముక్కు గునుపు లేదు.

"మూయ. ఇన్నొద్దులు మూసిన. లగ్గమైన కొత్తల ఒక్క తుమ్ము తుమ్మలే గీనె. నాకు మంచి మొగుడు దొరికిండు అనుకున్న. ఎందుకంటే నన్ను జూస్తె భయమట! నేనంటె భయం పోయినంక మొదలువెట్టిండు, ఇగ చూస్కోండ్రి, ఇంటి చూరు ఊడిపోయింది. పెద్దబిడ్డ కడుపుల అడ్డం తిరిగి నేను సావబోయిన్నాడు బయట నిలబడి సప్పుడు లేడు. పోరి కేర్ మన్నదో లేదో తుమ్ముడే తుమ్ముడు! మంత్రసాని బొడ్డు కోసుడు మర్సి బయటికి ఉరికింది."

ఎవరో కిసుక్కుమన్నారు.

"మరి పులి?" అన్నాడు భద్రయ్య.

"యాడి పులి? తోడేలు. అది గుడ తోడేలో కుక్కో సక్కగ ఎర్క లేదు. గీనె చెట్టెక్కి కూసున్నడు. దిగి ఇంటికొచ్చినంక గీన ముక్కుల నుంచి శ్వాస సల్లగ ఆడుతాంటె నాకప్పుడే సమజైంది."

నవ్వు దొడ్డంతా పాకింది. ఉప్పలయ్య తల దించుకున్నాడు. దళానికి అప్పజెబుతామన్నప్పుడు కూడా అంత దించలేదు. "అబద్ధం. నాకు భయం లేకుండె" అన్నాడు నేలను చూస్తూ.

"ఓరి పిచ్చోడా, పాణం పోతది ఈడ" అంది కట్టమ్మ. ఇంతసేపూ లేని ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకు.

ఓదెమ్మ ఉప్పలయ్య ముందు గొంతుక్కూర్చుంది. నవ్వులు ఆగిపోయాయి. ఆమె తన రెండు చేతులతో ఆయన గడ్డం పట్టి పైకి లేపింది.

"నా కండ్లల్ల చూసి చెప్పు కొడుకా. ఆ పొద్దు నీకు భయమైందా, కాలేదా?"

ఆ కళ్ళు నిద్ర లేక లోపలికి పోయి ఉన్నాయి. వాటి ముందు పులి నిలవలేదు, మీసం నిలవలేదు.

"అయింది అవ్వా. శానా అయింది. కాళ్ళల్ల వణుకు. ముక్కు ఎండిపోయింది. మీరు అది చూసి దారి మంచిగున్నదనుకున్నరు. ఆగుండ్రి, నాకు భయమైతాందని ఒక్క మాటంటె నువ్వు గుట్టెక్కేదానివి. బిక్షపతి ఇంటికాడ ఉండేటోడు. నవ్వుతరని అనలే అవ్వా. నవ్వుతరని."

అని, పసిపిల్లాడిలా ఏడ్చాడు. అంత పెద్ద ఒళ్ళు గోడ కూలినట్టు కూలింది. బిగిసిన భుజాలు జారాయి, పిడికిళ్ళు విడిపోయాయి. దాచుకోవలసింది ఇక ఏమీ మిగల్లేదు. మొదట ముక్కు కొస తడిసింది. తర్వాత కళ్ళు ఎర్రబడ్డాయి. తర్వాత...

ఆ తుమ్ముకు దొడ్డి కంచె ఒక పక్క ఒరిగిందని చూసినవాళ్ళు చెబుతారు. ఒకటి కాదు, ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి. గొర్రెలు కంచె దూకి చేలల్లో పడ్డాయి. తుమ్మడానికీ ఏడవడానికీ ఉన్నది ఒక్క మొహమే అయ్యేసరికి ఉప్పలయ్య అవస్థ చూడలేకపోయారు జనం. కట్టమ్మ కొంగుతో ముక్కు తుడుస్తూ, "చూడుండ్రి, చూడుండ్రి, ఏ మందూ లేదు" అని అందరికీ చూపించింది.

భద్రయ్య కూడా ఉప్పలయ్య పక్కన కూర్చుని, "గుట్టెక్కద్దన్నది నేను ఉప్పలన్నా. గది నేను నోటితోని ఒప్పుకోలే" అన్నాడు. ఓదెమ్మ విని, "ఏలు దించింది నేను. నన్ను ఎవ్వలు దించమన్నరు?" అంది.

ఇక తుమ్ముల లెక్క పట్టను అని కూడా అంది. అన్నట్టే తర్వాత ఎన్నడూ పట్టలేదు.

మర్నాడు ఆమె కొడుకు కోసం జొన్నరొట్టెలు మూటగట్టి మానుకోటకు బయల్దేరింది. సంఘం మగవాళ్ళు వెంట వెళితే వాళ్ళనీ లోపలేస్తారు. ముసలిది ఒక్కతే అంత దూరం పోతోందని తెలిసినా ఎవరి కాలూ ముందుకు పడలేదు. ఉప్పలయ్య మగ్గం మీంచి దించిన కొత్త గొంగడి భుజాన వేసుకుని బయటికి వచ్చాడు.

"నేనొస్త అవ్వా. ఠాణల సలిగుంటది. పిలగానికి గొంగడిద్దాం."

"భయం గాదా?"

"అయితది. ఇప్పుడే అయితాంది."

ఇద్దరూ ఊరు దాటారు. కోసిన చేల మీంచి దుమ్ము లేస్తోంది. పత్తి బండ్లు ఎదురై మొహం మీద దూది చల్లి పోయాయి. ఉప్పలయ్య ముక్కు గమ్మున ఉంది. ఓదెమ్మ అడుగడుక్కీ ఆయన మొహంలోకి చూస్తూనే నడిచింది. ఎంత భయపడుతున్నాడో ఆమెకు అడగకుండానే తెలిసిపోతోంది. ఠాణా గోడ కనబడగానే ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి, కట్టు తెంపుకున్న కోడెలా ఎగిరెగిరి పడుతోంది. ఆమె పట్టు వదల్లేదు.

తుపాకీ పట్టుకున్న జవాను అడ్డం వచ్చాడు. "కౌన్ రే తూ?" అని, ఎవడివన్నట్టు ఉప్పలయ్యను నిలదీశాడు.

"నా పెద్దకొడుకు" అంది ఓదెమ్మ.

జవాను ఉప్పలయ్యను కింది నుంచి పైదాకా చూశాడు. అంతెత్తు మనిషి, పెద్ద మీసం. ఏమంటాడోనని చూశాడు.

"లోపల మా తమ్ముడున్నడు. గొంగడి ఇచ్చి పోత" అన్నాడు ఉప్పలయ్య.

మాట కంచు గంటలా ఖంగుమంది. భయానికి ముక్కు పూర్తిగా తెరుచుకుని ఉందేమో, ఒక్క అక్షరం కూడా గునవలేదు. వీడెవడో ప్రాణానికి తెగించిన మనిషిలా ఉన్నాడే అనుకుని ఆ జవాను ఒక అడుగు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.